బ్యారన్ కాపలా

ఒంగోలుకు దక్షిణాన మాది ఒక చిన్న ఊరు. మా ఊళ్లో పొగాకు రెండే రకాలు. చుట్ట చుట్టుకునేది నాటాకు, వేలానికి వెళ్లేది వర్జీనియా. ఆ రెండో మాట అమెరికాలో ఒక రాష్ట్రం పేరని నాకు తొమ్మిదో తరగతిలో అట్లాసు తిరగేస్తుంటే తెలిసింది. పరుగున వెళ్లి నాన్నకు చూపించాను. ఆయన పటం వంక కాసేపు చూసి, "అక్కడ కిలో ఎంతట?" అని అడిగారు.

నాన్న ఇప్పుడు లేరు. ఆ ప్రశ్నకు మాత్రం నా దగ్గర ఇప్పుడొక జవాబు ఉంది. 1619 ప్రాంతంలో అక్కడ మేలురకం ఆకు పౌనుకు 3 షిల్లింగులు పలికేది. పౌనంటే అర కిలోకు కాస్త తక్కువ, షిల్లింగంటే 12 పెన్నీలు. పన్నెండేళ్లు తిరక్కుండానే ఆ ధర ఒక్క పెన్నీ దగ్గరికి వచ్చి పడింది. ముప్పై ఆరో వంతుకు! ఈ లెక్క చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ మనుషులు నాకు తెలుసనిపించింది. వాళ్ల ముఖాలు మా ఊరి వేలం కేంద్రం బయట కూర్చున్న ముఖాల్లా కనిపించాయి. వాళ్లలో నాన్నను వెతుక్కోవడానికే ఆ చరిత్ర చదవడం మొదలుపెట్టాను. దొరికారు కూడా. అయితే నేను వెతికిన చోటు సగమే సరైనదని తర్వాత తెలిసింది.

పొగాకు వర్జీనియాను బతికించిందని ఎక్కడ చదివినా ఉంటుంది. అబద్ధం కాదు. 1607లో లండన్‌లోని వర్జీనియా కంపెనీ పంపిన మనుషులు జేమ్స్‌టౌన్‌లో దిగారు. బంగారం దొరుకుతుందని వచ్చారు, దొరకలేదు. 1609-10 చలికాలంలో సుమారు 500 మందిలో వసంతం చూసినవాళ్లు 60 మంది. గుర్రాలను, కుక్కలను, చివరికి తోలు చెప్పులను కూడా తిన్నారు. ఆ చలికాలం ముగిశాక, 1610లోనే జాన్ రాల్ఫ్ అనే ఆయన అక్కడికి చేరాడు. ఆ నేల మీద పౌహటన్ జాతుల మూలవాసులు పండించుకునే పొగాకు ఘాటు, చేదు. లండన్ బజారులో చెల్లేది స్పానిష్ వలసల నుంచి వచ్చే తియ్యటి ఆకు. రాల్ఫ్ ఆ జాతి విత్తనం ఎలాగో సంపాదించి 1612 ప్రాంతంలో నాటి చూశాడు. 1614లో మొదటి సరుకు ఇంగ్లండుకు ఓడ ఎక్కింది. అదే ఏడు పౌహటన్ జాతుల నాయకుడి కూతురు పోకహాంటస్‌ను పెళ్లాడాడు.

ఆ తర్వాత జరిగింది చూడండి. 1617లో కొత్తగా వచ్చిన అధికారి ఆర్గల్ జేమ్స్‌టౌన్‌లో అడుగుపెట్టేసరికి ఇళ్లు కూలిపోయి ఉన్నాయి, చర్చి పడిపోయింది, బావి నీళ్లు పాడయ్యాయి. కానీ అంగడి వీధిలో, దారుల్లో, ఎక్కడ చారెడు నేల ఖాళీగా ఉంటే అక్కడ పొగాకు మొక్కలు నిలబడి ఉన్నాయి. అంతకుముందు ఏడే థామస్ డేల్ అనే పాలకుడు ఒక్కొక్కరు రెండెకరాల మొక్కజొన్న వేస్తేనే పొగాకు వేసుకోనిస్తానని ఆజ్ఞ చేయాల్సి వచ్చింది. ఏడేళ్ల కిందట ఆకలితో చెప్పులు తిన్న ఊరది! తిండిగింజలు వేసుకోండని అలాంటి ఊరికి చట్టం చేసి చెప్పాల్సి వచ్చింది.

దీన్ని అత్యాశ అని కొట్టిపారేయడం తేలిక. నేను ఆ మాట అనలేను. మా ఊళ్లో జొన్న, కొర్ర పోయి వర్జీనియా రావడం మా తాతలు కళ్లారా చూశారు. ఇంట్లో తిండికి లేని రైతుకు కూడా చేతికి డబ్బు వచ్చే పంటే కావాలి. పన్ను, పెళ్లి, వైద్యం ఏదీ జొన్నలతో తీరదు. అయితే ఈ పంటలో ఒక గుణం ఉంది, దాన్ని పండించని వాళ్లకు అది సులువుగా అర్థం కాదు. వడ్లు అమ్ముడుపోకపోతే వండుకోవచ్చు. వేరుశనగ మిగిలితే నూనె ఆడించుకోవచ్చు. పొగాకు మిగిలితే ఏం చేస్తాం? పశువు కూడా ముట్టదు. కొనేవాడు లేకపోతే అది చెత్త. అందువల్ల ఈ పంట వేసిన రోజే కొనేవాడి చేతిలోకి వెళ్లిపోతాం. ఆ కొనేవాడు సముద్రానికి అవతల ఉంటే, మధ్యలో ఓడ కూడా అతనిదే అయితే, ఇక చెప్పేదేముంది?

వలస పాలనకు పొగాకు అంతగా నచ్చింది అందుకే. ఇంగ్లండు రాజు మొదటి జేమ్స్‌కు పొగాకంటే ఒళ్లు మంట. 1604లో దాన్ని తిడుతూ స్వయంగా ఒక పుస్తకమే రాసి, పౌనుకు 2 పెన్నీలున్న దిగుమతి సుంకాన్ని 6 షిల్లింగుల 10 పెన్నీలు చేశాడు. తన సొంత వలసలో అదే ఆకు పండి ఖజానాకు సుంకం వచ్చేసరికి ఆ కోపం చల్లబడింది. కంపెనీతో బేరం కుదిరింది, ఇంగ్లండు రైతులు పొగాకు వేయకూడదని నిషేధం వచ్చింది. అది కాగితం మీద నిషేధం కాదు. గ్లోస్టర్‌షైర్‌లో వించ్‌కోమ్ చుట్టుపక్కల రైతులు వినకుండా వేస్తుంటే 17వ శతాబ్దం మధ్యలో సైనికులను పంపి పైరు తొక్కించారు. సొంత దేశంలో పండితే సుంకం రాదు, ఓడల వాళ్లకు కిరాయి రాదు, వర్తకులకు దళారీ సొమ్ము రాదు. దూరాన పండితేనే ఇవన్నీ వస్తాయి.

1660 నౌకాయాన చట్టంతో ముడి బిగిసింది. వలసల్లో పండిన పొగాకు ఇంగ్లండుకో, ఇంగ్లండు వలసలకో తప్ప ఇంకెక్కడికీ నేరుగా పోకూడదు, అదీ ఇంగ్లండు ఓడల్లోనే. డచ్చి వర్తకులు ఎక్కువ ధర ఇస్తామన్నా అమ్మడానికి లేదు. ఆ రోజుల్లో రైతుకు పౌనుకు ఒక పెన్నీ వస్తే గొప్ప. అదే పౌను మీద ఇంగ్లండు రేవులో రాజుకు కట్టే సుంకం 2 పెన్నీలు. నారు పోసిన దగ్గర్నుంచి పెట్టె బిగించే దాకా ఏడాదంతా వంగిన నడుముకు ఒకటి, రేవులో ముద్ర వేసిన చేతికి రెండు.

ధర పడిపోతే రైతు ఏం చేస్తాడు? పంట తగ్గించాలి. ఎవరూ తగ్గించలేదు, ఇంకా ఎక్కువ వేశారు. పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలని మన పెద్దలు అనే మాటను మా ఊళ్లో నేను విన్నదే పొగాకు గురించి. ఈ ఏడు ఎకరానికి నష్టం వచ్చింది కాబట్టి వచ్చే ఏడు రెండెకరాలు వేసి పూడ్చాలి. పక్కవాడూ అదే లెక్క వేసుకుంటాడు. అందరి ఆకూ ఒకేసారి బజారుకు వచ్చి ధర మళ్లీ కూలుతుంది. 1682లో వర్జీనియాలోని గ్లోస్టర్ కౌంటీ రైతులు తట్టుకోలేక ముందు తమ చేలో, తర్వాత పక్క చేలో లేత మొక్కలను నరుకుతూ పోయారు. ఒకరు నరికితే లాభం లేదు, అందరివీ నరికితేనే ధర లేస్తుంది. రెండేళ్ల తర్వాత అక్కడి శాసనసభ అలా గుంపుగా మొక్కలు నరకడాన్ని రాజద్రోహంగా ప్రకటించింది. సొంత పైరును నరుక్కుంటే రాజద్రోహం ఎందుకైందో పై సుంకం లెక్క చూస్తే తెలుస్తుంది.

ఇంతవరకూ చదివినప్పుడు నేను రైతు పక్షాన ఉన్నాను. పక్షం మారలేదు కానీ, అక్కడ రైతు అంటే ఎవరు అనే ప్రశ్న ఎదురైంది.

పొగాకు మనిషిని ఏడాదంతా పట్టి ఉంచే పంట. నారుమడి, నాట్లు, కలుపు, తల తుంచడం, పిలకలు తీయడం, ఆకు తిరగేసి పురుగు ఏరడం, కోత, ఆరబెట్టడం, ఈనె తీయడం, పెట్టెలో కూరడం. ఒక మనిషి రెండు మూడెకరాలకు మించి చూడలేడు. పైగా అది నేలను పీల్చేస్తుంది. మూడు నాలుగు పంటలు తీశాక ఆ నేలను ఇరవై ఏళ్లు బీడు వదలాలి. అంటే లాభం కావాలంటే రెండు కావాలి: ఎప్పటికప్పుడు కొత్త నేల, ఎప్పటికప్పుడు కొత్త చేతులు. నేల పౌహటన్ జాతులది. పొగాకు చేలు నదుల వెంట పాకుతూ వాళ్ల ఊళ్ల మీదికి వచ్చాయి. 1622 మార్చి 22న వాళ్లు తిరగబడ్డారు, 347 మంది వలసదారులు చనిపోయారు. ఆ తర్వాత ఇంగ్లీషువాళ్లు ఏళ్ల తరబడి వాళ్ల ఊళ్లనూ మొక్కజొన్న చేలనూ తగలబెట్టారు. ఇక చేతులు. 1618 నుంచి ఒక నియమం వచ్చింది. ఓడ ఖర్చు పెట్టుకుని ఒక మనిషిని ఇంగ్లండు నుంచి తెచ్చిన వాడికి 50 ఎకరాలు. వచ్చిన ఆ మనిషి ఏళ్లపాటు జీతం లేకుండా పనిచేయాలి. పేదల పిల్లలు, నిరుద్యోగులు, అనాథలు వేల సంఖ్యలో అలా వచ్చారు. గడువు తీరకముందే చనిపోయినవాళ్లు ఎందరో. వాళ్లు చనిపోయినా తెచ్చినవాడికి 50 ఎకరాలు మిగిలేవి.

ఆడవాళ్లను కూడా పంపారు, పెళ్లిళ్ల కోసం. పెళ్లాడే మగవాడు ఆమె ఓడ ఖర్చు కింద కంపెనీకి 120 పౌన్ల మేలురకం పొగాకు చెల్లించాలి, తర్వాత అది 150 అయింది. పన్నులు పొగాకులో, జరిమానాలు పొగాకులో, చర్చి పూజారి జీతం ఏడాదికి 16,000 పౌన్ల పొగాకు. డబ్బు బదులు ఆకే నడిచిన దేశంలో మనిషి విలువ కూడా ఆకులోనే తూగడం మొదలైంది.

1619 ఆగస్టులో పాయింట్ కంఫర్ట్ రేవుకు ఒక ఓడ వచ్చింది. ఇరవై మందికి పైగా ఆఫ్రికావాళ్లను దింపి, బదులుగా తిండి సామాను ఎక్కించుకుని వెళ్లింది. ఈ సంగతి మనకు తెలిసింది ఒక ఉత్తరం ద్వారా. రాసింది జాన్ రాల్ఫ్. మొదటి విత్తనం నాటిన చెయ్యే ఆ వాక్యం కూడా రాసింది. సరుకు జాబితాలో ఒక వరుస రాసినట్టు రాశాడు. నేను ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

మొదటి యాభై ఏళ్లు చేలల్లో ఎక్కువ మంది తెల్ల వెట్టివాళ్లే. 1676లో నథానియల్ బేకన్ అనే భూస్వామి తిరుగుబాటు చేసినప్పుడు తెల్ల వెట్టివాళ్లు, నల్ల బానిసలు కలిసి ఆయుధాలు పట్టారు. జేమ్స్‌టౌన్ కాలిపోయింది. ఇంగ్లండులో కూలి పెరిగి అక్కడి నుంచి వచ్చేవాళ్లు తగ్గారు. భూస్వాములకు గడువు తీరని చేతులు కావాల్సి వచ్చాయి. 1662లోనే తల్లి బానిస అయితే బిడ్డా బానిసే అని చట్టం చేసి ఉంచుకున్నారు. 1698లో ఆఫ్రికా వ్యాపారం మీద ఒకే కంపెనీకి ఉన్న గుత్తాధిపత్యం పోయి ఓడలు బారులు తీరాయి. 1705లో బానిసత్వానికి పూర్తి శాసనం వచ్చింది. ఆకు ధర తక్కువ, రాజు సుంకం ఎక్కువ, వర్తకుడి దళారీ ఖాయం. వీటిలో దేన్నీ భూస్వామి మార్చలేడు. అతను మార్చగలిగింది ఒక్క కూలి ఖర్చే. దాన్ని పూర్తిగా లేకుండా చేశాడు, తరతరాలకూ.

నా వాదన ఇక్కడే ఉంది. వలస ఆర్థిక వ్యవస్థ అంటే లండన్ దోచుకుంది, వర్జీనియా దోపిడీకి గురైంది అని రెండు పెట్టెల్లో సర్దేస్తే మనకు సౌకర్యంగా ఉంటుంది. నాకూ అలాగే ఉండేది. కానీ దోపిడీకి గురైనవాడు ఆ నష్టాన్ని తన దగ్గరే ఉంచుకోలేదు. కిందికి జరిపాడు. పై నుంచి వచ్చిన బరువు ఎవరి మీద ఆగిందో చూడకుండా వలసపాలన గురించి మాట్లాడితే, మనం మాట్లాడుతున్నది భూస్వామి రాసిన ఫిర్యాదు పత్రం మాత్రమే.

ఆ ఫిర్యాదు పత్రాలు ఎన్నో ఉన్నాయి. చదివితే జాలి కూడా కలుగుతుంది. పెద్ద రైతులు ఆకును లండన్‌లోని వర్తకుడికి అతని పేర పంపేవారు. వెయ్యి పౌన్లు పట్టే పెద్ద పీపాలో కూరి, దారి వెంట దొర్లించుకుంటూ రేవుకు తెచ్చి ఎక్కించేవారు. ఓడ కిరాయి, సుంకం, గోదాము అద్దె, దళారీ అన్నీ పోగా మిగిలింది ఖాతాలో పడేది. ఆ ఖాతా మీదే బట్టలు, కుర్చీలు, బండి, సారా వచ్చేవి. ఆకు ధర చెప్పేది ఆ వర్తకుడే, కుర్చీ ధర చెప్పేదీ అతనే. జార్జి వాషింగ్టన్ తన వర్తకుడికి రాసిన ఉత్తరాల్లో ఇదే గోల. ఆకుకు తక్కువ కట్టారు, పంపిన సామాను నాసిరకం, అప్పు పెరుగుతోంది. విసుగెత్తి 1760ల మధ్యలో మౌంట్ వెర్నన్‌లో పొగాకు మాని గోధుమలోకి మారాడు. చిన్న రైతులకు గ్లాస్గో వర్తకులు దిక్కయ్యారు. 1707లో స్కాట్లండ్, ఇంగ్లండు ఒకటయ్యాక వాళ్లకు వలసల వ్యాపారం తెరుచుకుంది. వర్జీనియా లోపలి ఊళ్లల్లో దుకాణాలు పెట్టి, సామాను అరువిచ్చి, ఆకు రాగానే పట్టుకుపోయేవారు. ఆ ఆకులో ఎక్కువ భాగం మళ్లీ ఫ్రాన్సుకో, హాలండుకో పోయేది. గ్లాస్గోలో ఈ రోజుకూ వర్జీనియా స్ట్రీట్ ఉంది, గ్లాస్‌ఫర్డ్ అనే పొగాకు వర్తకుడి పేర వీధి ఉంది. విలియం కన్నింగ్‌హామ్ కట్టుకున్న భవనం ఇప్పుడు ఆ నగరంలో ఆధునిక చిత్రశాల.

తర్వాత అమెరికా అధ్యక్షుడైన వర్జీనియా భూస్వామి థామస్ జెఫర్సన్ 1780లలో ఒక మాట రాశాడు. ఈ అప్పులు తండ్రి నుంచి కొడుక్కి తరతరాలుగా దిగుతూ వచ్చాయనీ, వర్జీనియా భూస్వాములు లండన్ వర్తక సంస్థలకు చెందిన ఒక రకం ఆస్తిగా మారిపోయారనీ దాని సారాంశం. నేను ఈ మాట మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసి నాన్నను తలుచుకున్నాను. మా ఇంట్లోనూ అప్పు అలాగే దిగింది. తాత చేసిన అప్పుకు నాన్న వడ్డీ కట్టారు. ఎరువుల దుకాణంలో ఖాతా, వ్యాపారి దగ్గర ముందస్తు, సొసైటీలో బాకీ. ఆకు మా పొలంలో పచ్చగా ఉన్నప్పుడే అది ఎవరిదో నిర్ణయమైపోయి ఉండేది. రెండు వందల ఏళ్ల కిందట, దేశాధ్యక్షుడు కాబోయే మనిషి మా నాన్న మాటే రాశాడే అని కళ్లు చెమర్చాయి.

ఆ తర్వాత జెఫర్సన్ ఖాతా పూర్తిగా చదివాను. 1773లో ఆయన మామ జాన్ వేల్స్ చనిపోయాడు. పొగాకు వ్యాపారం, బానిసల వ్యాపారం రెండూ చేసిన మనిషి. అల్లుడికి వచ్చిన వారసత్వంలో వేల ఎకరాలు, 135 మంది మనుషులు, బ్రిస్టల్ వర్తకులకు తీర్చాల్సిన పెద్ద అప్పు ఉన్నాయి. జెఫర్సన్ ఆ అప్పు తీర్చడానికి భూములమ్మాడు. వచ్చిన కాగితాల విలువ యుద్ధకాలంలో పడిపోయింది, అప్పు మాత్రం నిలబడింది. దానికి సొంత అప్పులు తోడయ్యాయి. 1826 జులై 4న ఆయన చనిపోయాడు. 1827 జనవరి చలిలో మోంటిసెల్లో ఇంటి ముందు వేలం జరిగింది. పశువులు, సామాను, వాటితో పాటు 130 మంది మనుషులు. తల్లి ఒక ఊరికి, పిల్లలు ఇంకో ఊరికి. తాను లండన్ వర్తకుల ఆస్తినయ్యానని బాధపడిన మనిషి అప్పు కోసం చివరికి అమ్ముడుపోయింది నిజంగానే ఆస్తిగా ఉన్నవాళ్లు.

ఒక రకం ఆస్తి అని ఆయన వాడిన మాట ఆ తర్వాత నాకు వేరుగా వినిపించింది. ఆయన దాన్ని ఉపమానంగా వాడాడు. ఆయన ఇంట్లో వంట చేసేవాళ్లకు అది ఉపమానం కాదు.

పొగాకు వదిలి గోధుమ వేస్తే సరిపోయేదా అని ఎవరైనా అడగవచ్చు. వాషింగ్టన్ వేశాడు కదా. అప్పుల బాధ కొంత తగ్గింది. ఆ గోధుమను కోసింది కూడా బానిసలే. కాబట్టి తప్పంతా మొక్క మీదకు నెట్టలేం. కానీ ఆ ఏర్పాటుకు పునాది వేసింది ఈ మొక్కే. తినడానికి పనికిరాకపోవడం, ఏడాదంతా చేతులు అడగడం, నేలను తినేయడం, దూరపు కొనుగోలుదారు లేనిదే చిల్లిగవ్వ చేయకపోవడం. పాలకులకు ఇంతకంటే అనువైన పంట ఏముంటుంది?

ఇక బ్యారన్ సంగతి. ఇది చెప్పకుండా ఈ వ్యాసం ముగించలేను.

వర్జీనియా పొగాకును ఎండలో ఆరబెట్టరు. బ్యారన్ అనే పొడవాటి గదిలో కర్రలకు అల్లిన ఆకును అంతస్తులుగా వేలాడదీసి, బయట పొయ్యిలో కట్టెలు మండిస్తారు. వేడి రేకు గొట్టాల గుండా లోపల తిరుగుతుంది. ఐదారు రోజులు. మొదట సన్నని వేడిలో ఆకు పసుపు తిరగాలి. తర్వాత మెల్లగా వేడి పెంచి ఆ రంగు నిలపాలి. చివర్లో ఈనె విరిగేదాకా ఆరబెట్టాలి. ఒక్క గంట కునుకు పట్టి వేడి ఎగిసినా, దిగినా ఆకు మచ్చపడి నల్లబడుతుంది. ఏడాది కష్టం లోగ్రేడు కింద పోతుంది. అందుకని నాన్న ఆ ఐదు రాత్రులూ పొయ్యి దగ్గరే నులక మంచం వేసుకునేవారు. నేను పక్కన పడుకునేవాణ్ని. తుమ్మ మొద్దులు చిటపటలాడేవి. గంటకోసారి లేచి, గోడలోని చిన్న అద్దం కిటికీకి టార్చిలైటు ఆనించి లోపల వేలాడే థర్మామీటరు చూసేవారు. ఆకు పసుపు తిరిగే రాత్రి ఊరంతా పండిన జామకాయల్లాంటి తీపి వాసన. ఇప్పటికీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే నాకు నాన్న దగ్గు వినిపిస్తుంది.

ఈ పద్ధతి ఎక్కడిదని వెతికితే ఒక పేరు దొరికింది. స్టీఫెన్. ఇంటిపేరు లేదు, ఎందుకంటే బానిస. 1839లో నార్త్ కరోలినాలోని కాస్వెల్ కౌంటీలో, ఎబైషా స్లేడ్ అనే భూస్వామి దగ్గర 18 ఏళ్ల కుర్రాడు. అక్కడ చెప్పుకునే కథ ఇది. పొగాకు ఆరే గదికి రాత్రి కాపలా కాస్తూ నిద్రపోయాడు. మెలకువ వచ్చేసరికి నిప్పు ఆరిపోయింది. భయంతో పరుగెత్తి కమ్మరి కొలిమి నుంచి బొగ్గులు తెచ్చి పోశాడు. ఒక్కసారిగా పొడి వేడి తగిలి ఆకు బంగారు రంగుకు తిరిగింది. స్లేడ్ ఆ ఆకును నాలుగింతల ధరకు అమ్మాడంటారు. బొగ్గుల స్థానంలో తర్వాత గొట్టాలు వచ్చాయి. ప్రపంచంలో చాలా సిగరెట్లలో ఆ రంగు ఆకు ఉంది.

నాన్న కునుకు పట్టకుండా కాపలా కాసినది తన ఆకు కోసం. స్టీఫెన్ కునుకు పట్టి భయపడింది వేరేవాడి ఆకు కోసం. నిప్పు ముందు కూర్చున్న ఇద్దరూ ఒకలాగే కనిపించవచ్చు. ఒకరు కాదు.

ఆ పద్ధతి మన దాకా రావడం కూడా వలస కథలో భాగమే. గుంటూరు సీమలో, గోదావరి లంకల్లో చుట్ట పొగాకు ఎప్పటి నుంచో ఉంది. 1910లో కలకత్తాలో ఇంపీరియల్ టొబాకో కంపెనీ పుట్టింది, 1912లో దానికి ఆకు సమకూర్చడానికి ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ వచ్చి గుంటూరు ప్రాంతంలో కాలూనింది. మా పెద్దల నోట అది ఐఎల్‌టీడీ. 1920 ప్రాంతంలో వర్జీనియా విత్తనం ఈ నల్లరేగడిలో మొలిచింది, 1928లో బ్యారన్లు లేచాయి. బ్రిటన్ 1919 నుంచి తన సామ్రాజ్యంలో పండిన పొగాకుకు సుంకంలో రాయితీ ఇచ్చింది. మన ఆకు ఓడ ఎక్కడానికి అదొక ఊతం. ఏ రకం వేయాలో, ఏ రంగు తిరగాలో, ఏది ఏ గ్రేడో చెప్పేది కొనేవాడే. 1943లో యుద్ధం మధ్యలో వలస ప్రభుత్వం పొగాకు మీద ఎక్సైజు సుంకం వేసింది. మూడు వందల ఏళ్ల కిందటి రాజు చేసిన పనే.

ఒక తేడా ఉంది. అక్కడ పొగాకు వేసినవాడు ఇతరుల నేల మీదికి వచ్చి కూర్చున్నవాడు. ఇక్కడ వేసినవాడు తన నేల మీదే పరాయి పాలనలో ఉన్నవాడు. ఈ తేడా చాలా పెద్దది. దాన్ని చెరిపేయడం నా ఉద్దేశం కాదు. మా దగ్గర పనిచేసినవాళ్లు కూలీలు, బానిసలు కారు. కూలి కుదరకపోతే ఇంకో చేనికి వెళ్లగలిగేవారు. ఆ మాట స్పష్టంగా రాయాలి. అయినా నష్టం ఏ వరుసలో కిందికి దిగుతుందన్న ప్రశ్న మా ఇంటి గడప కూడా దాటి వచ్చింది.

బ్యారన్‌లో ఆకు ఎక్కించే ముందు దాన్ని కర్రలకు అల్లాలి. తెల్లవారుజామున దళితవాడ నుంచి పది పన్నెండు మంది ఆడవాళ్లు వచ్చేవారు. పందిరి కింద కూర్చుని, రెండేసి మూడేసి ఆకుల కాడలు కలిపి, పురికొస తిప్పి కర్రకు బిగించేవారు. కళ్లు అటు చూడకుండానే చేతులు పనిచేసేవి. మంచుకు తడిసిన పచ్చాకు నుంచి బంక కారి మధ్యాహ్నానికి వేళ్లు నల్లగా, తారు పూసినట్టు అయ్యేవి. కొత్తగా వచ్చిన పిల్లలకు తల తిరిగి వాంతులయ్యేవి. అన్నం ముద్ద చేదెక్కుతుందని ఒక పెద్దావిడ ఎడమ చేత్తో తినేది. నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని "నువ్వు ముట్టుకోకు అబ్బాయిగారూ, చెయ్యి పాడవుద్ది" అనేది. ఆమె వయసు మా నాయనమ్మ వయసు. ఆమె నన్ను గారూ అనేది, నేను ఆమెను నువ్వు అనేవాణ్ని. అప్పట్లో అది నాకు వింతగా తోచలేదు.

పోయిన సంక్రాంతికి ఊరు వెళ్లినప్పుడు అమ్మ పాత ట్రంకు పెట్టె తెరిస్తే నాన్న లెక్కల పుస్తకాలు బయటపడ్డాయి. గళ్ల కాగితాల పుస్తకం, నీలం సిరా, ఆయన గుండ్రటి అక్షరాలు. ధర బాగా పడిపోయిన ఒక ఏటి పుస్తకం తీసి చదివాను. వేలంలో వచ్చిన సొమ్ము పై వరుసలో ఉంది. దాని కింద తీర్చినవి ఒక్కొక్కటీ అడ్డగీతతో కొట్టేసి ఉన్నాయి. వ్యాపారి ముందస్తు, గీత. సొసైటీ, గీత. ఎరువుల దుకాణం, గీత. కట్టెల బండి, గీత. మా పరీక్ష ఫీజులు, గీత.

అన్నిటికంటే కింద "అల్లిక కూలి, పదకొండు మంది, బాకీ" అని ఉంది. దాని మీద గీత లేదు.

అమ్మకు చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. "ఇచ్చే ఉంటారురా, ఆయన ఉంచుకునే మనిషి కాదు" అంది. తర్వాతి ఏటి పుస్తకం కూడా తీసి మొదటి పేజీ నుంచి చివరి దాకా వెతికాం. ఆ వరుస మళ్లీ ఎక్కడా కనిపించలేదు.